తీసెయ్యమన్న మాట

ఏప్రిల్ పదకొండు, ఆదివారం. ఆ మధ్యాహ్నం మేం ఉడకబెట్టిన గుడ్లు, కాల్చిన రొట్టె, మెదిపిన బంగాళాదుంపలు తిన్నాం. వంట నాదే. నేనింకా కుర్చీ లాక్కుని కూర్చోకముందే, "ఉప్పు తక్కువైంది," అంది నా భార్య.

ఆమె పోయి అప్పటికి నాలుగు నెలలు.

నేను వెళ్లి ఉప్పు సీసా తెచ్చి మా అత్తగారి పళ్లెం పక్కన పెట్టాను. ఆవిడ ఎడమచేత్తో ఫోను పక్కకి జరిపి, ఎడమచేత్తోనే ఉప్పు చల్లుకుని, మళ్లీ ఫోను దగ్గరకి లాక్కుని ఒక బొమ్మ మీద వేలు పెట్టారు. "ఇప్పుడు బాగుంది," అంది నా భార్య గొంతు.

మూడేళ్ల కిందట పక్షవాతం వచ్చి మా అత్తగారికి కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. అన్నీ తెలుస్తాయి, అన్నీ గుర్తుంటాయి, నోట్లోంచి మాత్రం ఒక్క ముక్క రాదు. అప్పుడు నా భార్య తన పాత ఫోనులో ఒక యాప్ వేసి తల్లి చేతికిచ్చింది. తెర నిండా గళ్లు, గడికో బొమ్మ. బొమ్మ నొక్కితే మాట వినిపిస్తుంది. ఆ మాటలు మనమే రికార్డు చేసి పెట్టుకోవాలి. మొత్తం అరవై నాలుగు. నా భార్య కంటి ఆసుపత్రిలో టోకెన్ నంబర్లు పిలిచే ఉద్యోగం చేసేది. రోజుకి మూడు వందల మందిని విసుక్కోకుండా పిలిచిన గొంతు. బయటి చప్పుళ్లు పడకూడదని బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి, తల లోపలికి పెట్టి, రెండు సాయంత్రాలు కూర్చుని ఆ అరవై నాలుగూ చెప్పింది. "అమ్మా, మంచినీళ్లు కాదు, టోకెన్ నంబరు తొమ్మిది అన్నట్టుంది," అని మా అమ్మాయి మంచం మీద పడి నవ్వింది.

అందులో ఒక పొరపాటు దొర్లింది. నా ఫొటో ఉన్న గడి నొక్కితే 'అల్లుడుగారూ' అని రావాలి. మా అత్తగారు నన్ను పిలిచేది అలాగే. కానీ నా భార్య నా ఫొటో చూస్తూ మాట్లాడింది కాబట్టి, అలవాటు కొద్దీ 'ఏమండీ' అనేసింది. అదీ మామూలుగా కాదు, వంటింట్లోంచి కేకేసినట్టు చివర్న కాస్త సాగదీసి. అది విని మా అత్తగారు ఫోను బల్ల మీద బోర్లించేశారు. పెళ్లాం పిలిచినట్టు అల్లుణ్ణి పిలవడానికి ఏ అత్తగారికి మనసొప్పుతుంది. "మారుస్తాలే అమ్మా," అంది నా భార్య. మార్చలేదు. ఆవిడ ఆ గడి ముట్టుకోనూ లేదు. నాతో పని పడితే చెంచాతో బల్ల మీద రెండుసార్లు కొట్టేవారు.

నా భార్య పోయిన నెలన్నరకి, ఒక సాయంత్రం నేను హాల్లో లైటు వేసుకోకుండా కూర్చుని ఉన్నాను. అత్తగారి గదిలోంచి "ఏమండీ" అని వినిపించింది. లేచి వెళ్లాను. ఆవిడ కిటికీ వైపు చూస్తున్నారు. ఏం కావాలి అత్తయ్యగారూ అంటే, ఏమీ లేదు వెళ్లమన్నట్టు చెయ్యి ఊపారు. మర్నాడూ అంతే. ఆ తర్వాత రోజూ చీకటి పడే వేళకి ఒక్కసారి, ఒక్కసారే. నేను వెళ్లేవాణ్ణి, దుప్పటి సర్దేవాణ్ణి, లైటు వేసి వచ్చేసేవాణ్ణి. దాని గురించి మేమిద్దరం ఎన్నడూ ఏమీ అనుకోలేదు. ఒక మనిషి తన మర్యాదని పక్కన పెట్టి ఇంకో మనిషికి చేసే మేలు అలా కూడా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు.

నేను కాలేజీలో భౌతికశాస్త్రం ల్యాబు చూసుకుంటాను. వేసవి సెలవులిచ్చారు. ఆ ఆదివారం భోజనాలయ్యాక, చేతిలో పని లేక, ఆ పాత ఫోనులో ఉండిపోయిన నా భార్య ఫొటోలు కంప్యూటరులోకి ఎక్కించుకుందామని కేబులు పెట్టి, రెండిటినీ సరిచూసి ఒకటి చేసే సింక్ నొక్కాను. అయింది. ఫోను తీసుకెళ్లి అత్తగారికిచ్చి వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాను.

"పోయింది," అంది నా భార్య.

నా చేతిలో గిన్నె జారింది.

"పోయింది. పోయింది."

కళ్లజోడు పోయినా, కరెంటు పోయినా, చెంచా మంచం కిందికి పోయినా పనికొస్తుందని పెట్టిన మాట అది. చేతులు తుడుచుకుంటూ వెళ్లాను. "ఏం పోయింది అత్తయ్యగారూ?"

ఆవిడ తెర నా వైపు తిప్పి ఒక ఖాళీ జాగా చూపించారు. మా అమ్మాయి చెవులకి పెట్టుకున్న హెడ్‌ఫోన్లు మెడ మీదికి దించి తొంగిచూసింది. దానికి పందొమ్మిదేళ్లు. ఇంట్లో ఇప్పటికీ పాపే.

"పేకాట పోయిందా? మంచి పనే అయింది అమ్మమ్మా. నిన్న వరసగా నాలుగాటలు కొట్టేశావు నన్ను."

మా అత్తగారు వెతుక్కుని ఒక గడి నొక్కారు. "దొంగ," అంది ఫోను.

"నేనా దొంగ? ముక్కలు చూసి ఆడేది నువ్వు."

"దొంగ. దొంగ."

పేకాట యాప్ మళ్లీ వేశాం. వచ్చింది గానీ, ఆవిడ మూడేళ్లుగా గెలిచిన ఆటల లెక్క సున్నా అయిపోయి వచ్చింది. నాలుగు వందల చిల్లర ఆటలు. అత్తగారు ఆ సున్నా వంక చాలాసేపు చూసి, ఏం చేస్తాం అన్నట్టు పెదవి విరిచి, కొత్తగా మొదలెట్టారు. మర్నాడు నేను మళ్లీ ఫొటోలకని సింక్ చేశాను. మళ్లీ పేకాట పోయింది. ఈసారి, ఆ పొద్దునే వేసిన టార్చిలైటు యాప్ కూడా పోయింది.

ల్యాబులో ఏ పరికరం తప్పు చూపించినా మేం చేసే పని ఒకటే. ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడాలి. మార్చిందేమిటో, జరిగిందేమిటో రాసుకోవాలి. నేను ఒక నోటుబుక్కు తెరిచాను. కేబులు మార్చి సింక్ చేశాను. పేకాట పోయింది. ఫోను ఆపి మళ్లీ వేసి చేశాను. పోయింది. తేదీ, టైము సరిచేసి చేశాను. పోయింది. సింక్ చేసిన ప్రతిసారీ కంప్యూటరు ముందుగా ఫోనుకి మొత్తం నకలు తీసుకునేది. దానికే నలభై నిమిషాలు పట్టేది. పది ప్రయోగాలకి పది నలభైలు ఎక్కడ కూర్చుంటానని ఆ నకలు తీసుకోవడం ఆపేశాను. పైగా కంప్యూటరులో జాగా లేదని పాతవి చెరిపేశాను కూడా. ఆ సంగతి మాత్రం నోటుబుక్కులో రాయలేదు.

"నాన్నా, అది లోలకం కాదు," అంది పాప నాలుగో రోజు. "ఊపి ఊపి లెక్కపెడితే తేలదు. జరుగు."

నా చేతిలోంచి మౌసు లాక్కుని అటూ ఇటూ వెతికి ఒక జాబితా తెరిచింది. ఫోనులోని యాప్‌ల పేర్లన్నీ వరసగా, ఒక్కోదాని ముందు ఒక చిన్న చతురస్రం. కొన్నిటికి టిక్కు ఉంది, కొన్నిటికి లేదు. పేకాటకి లేదు. టార్చికి లేదు.

"చూశావా? టిక్కున్నవి ఫోన్లో ఉంటాయి. లేనివి సింక్ అవుతుంటే పోతాయి. ఫోన్లో నేరుగా వేసుకున్నవాటికి ఇక్కడ టిక్కు ఉండదు. కంప్యూటరు దాని జాబితానే నమ్ముతుంది. అందులో లేనిది ఫోన్లో కనపడితే తీసి పారేస్తుంది."

"మరి అమ్మ మాటలది?" అన్నాను.

పాప కిందికి జరిపి చూపించింది. టిక్కు ఉంది. నా భార్య దాన్ని ఈ కంప్యూటరు ద్వారానే వేసినట్టుంది. నాలుగు రోజులుగా నేను ఏ అంచు మీద నడుస్తున్నానో అప్పుడర్థమైంది. ఆ చిన్న టిక్కు వంక కృతజ్ఞతతో చూశాను. పాప హెడ్‌ఫోన్లు మళ్లీ చెవులకి పెట్టేసుకుని లేచి వెళ్లిపోయింది. ఆ రోజుల్లో అది భోజనం దగ్గర కూడా అవి తీసేది కాదు. గబగబా నాలుగు ముద్దలు మింగి లేచేది. వయసులే అనుకున్నాను.

మే నెల వచ్చేసరికి ఫోను వీపు ఉబ్బింది. తెర ఒక మూల పైకి లేచింది. తాళాలు చేసేవాడి కొట్టుకీ చెప్పుల దుకాణానికీ మధ్య ఒక ఫోన్ల రిపేరు కొట్టు ఉంది. నడిపేది నలభై ఏళ్ల ఆవిడ. నుదుటి మీద ఎప్పుడూ ఒక భూతద్దం కట్టుకుని ఉంటుంది కాబట్టి వీధంతా లెన్సక్క అంటారు. ఫోను అరచేతిలో పెట్టుకుని వీపు నిమిరింది.

"మాస్టారూ, మీ ఫోను కడుపుతో ఉంది."

"ఎన్నో నెల?"

"నెలలు నిండాయి. బ్యాటరీ మార్చాలి. అయితే విప్పేటప్పుడు తెర పోవచ్చు, మొత్తానికే పోవచ్చు. లోపల పనికొచ్చేవేమన్నా ఉంటే ముందు బయట పెట్టుకోండి."

మాటల యాప్ చూపించాను. అక్క భూతద్దం కళ్ల మీదికి దించుకుని గళ్లన్నీ చూసింది. ఒకటి నొక్కింది. "చలిగా ఉంది," అంది నా భార్య. అక్కకి నా సంగతి తెలుసు. భూతద్దం వెంటనే పైకి నెట్టలేదు.

"వీటిని మూటగట్టి ఒకేసారి బయటికి తేవడం కుదరదు," అంది. "ఒక్కో మాటా నొక్కి, విని, దేనికదే పంపించుకోవాలి. అరవై నాలుగు సార్లు. అది చేశాక, అన్నిటికీ టిక్కు పెట్టి ఒకసారి సింక్ చేసి పట్టుకురండి."

ఆ రాత్రే అన్నిటికీ టిక్కు పెట్టాను. నోటుబుక్కులో రాశాను: 'ముప్పై రెండు యాప్‌లు, ముప్పై రెండు టిక్కులు.' మాటలు బయట పెట్టే పని ఆదివారం తీరిగ్గా చేద్దామనుకున్నాను. నిజానికి నాకు ఆ పని ఇష్టంగానే ఉంది. అరవై నాలుగు మాటలు వరసగా వినొచ్చు.

ఈలోగా గురువారం కాలేజీ నుంచి పిలుపొచ్చింది. ల్యాబులో సామాను తనిఖీ. మధ్యాహ్నం వెర్నియర్ కొలబద్దలు లెక్కపెడుతుంటే లెన్సక్క ఫోను చేసింది. తను మర్నాడు ఊరెళుతోందట, పది రోజులకి గానీ రాదట, ఫోను ఆ సాయంత్రమే ఇస్తే మేలట. ఆ పొద్దున ఫోను కాల్చిన రాయిలా వేడెక్కింది. పది రోజులు ఆగే స్థితిలో లేదు. ఇంటికి ఫోను చేశాను. తనిఖీ అధికారి నా ఎదురుగా పెన్ను పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పాపా, అమ్మమ్మ ఫోను సాయంత్రానికి రిపేరుకివ్వాలి. నువ్వో పని చెయ్యి. అమ్మ మాటలన్నీ తీసెయ్. అయ్యాక సింక్ పెట్టెయ్."

"అన్నీనా?"

"అన్నీ. ఒక్కటీ వదలకు."

తనిఖీ అధికారి పెన్ను మూత పెట్టి, మళ్లీ తీశాడు. లైను పోయిందేమో అనుకున్నాను.

"సరే నాన్నా," అంది.

నాలుగున్నరకి ఇంటికొచ్చాను. మెట్లెక్కుతుంటే చెంచా చప్పుడు వినిపించింది. రెండు దెబ్బలు, కాస్త ఆగి మళ్లీ రెండు. ఆ చప్పుడు విని చాలా రోజులైంది. లోపలికెళ్లేసరికి అత్తగారు మంచం మీద కూర్చుని ఉన్నారు. ఒళ్లో ఫోను, చేతిలో చెంచా. పాప గుమ్మంలో నిలబడి ఉంది.

"పోయింది నాన్నా," అంది. "సింక్ అవుతుంటే పోయింది."

"మాటలు బయట పెట్టావుగా?"

తల అడ్డంగా ఊపింది.

యాప్ మళ్లీ వేశాను. వచ్చింది. అరవై నాలుగు గళ్లూ వచ్చాయి. బూడిదరంగులో, ఖాళీగా. మా అత్తగారు మొదటి గడి నొక్కారు. రెండోది నొక్కారు. ఒక్కటీ మానకుండా చివరి దాకా నొక్కుకుంటూ పోయారు. నేను ఆపలేకపోయాను.

ఫోనూ కంప్యూటరూ సంచిలో వేసుకుని లెన్సక్క దగ్గరకి పరిగెత్తాను. ఆవిడ ఊరెళ్లే పనులన్నీ ఆపి, బ్యాటరీ మార్చి, రెండు గంటలు కూర్చుంది. నకలు ఉందా అని అడిగింది. ఆపేశానని చెప్పాను. ఎందుకని అడగలేదు. చివరికి భూతద్దం తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ చోట వేరేవి వచ్చి కూర్చున్నాయి మాస్టారూ. ఎంత తవ్వినా రాదు."

తర్వాత కంప్యూటరు నా వైపు తిప్పింది. యాప్‌ల జాబితా. ముప్పై రెండు చతురస్రాలు. ముప్పై ఒక్క టిక్కులు.

"ఇది దానంతటది పోలేదు," అంది మెల్లిగా. "ఎవరో టిక్కు తీశారు. మీ ఇంట్లో పిల్లి గానీ ఉందా?"

"లేదమ్మా."

"ఒకదాన్ని పెంచుకోండి," అని మూత వేసి నా చేతికిచ్చింది. ఆ సాయంత్రం నాకెవరూ అంతకంటే దయగా ఏమీ చెప్పి ఉండలేరు.

నడిచి ఇంటికొస్తుంటే దారిలో నా మాట నాకు వినిపించింది. అమ్మ మాటలన్నీ తీసెయ్. మా ల్యాబులో తీయడమంటే కొలత చూసి రాసుకోవడం. రీడింగు తీసెయ్, ఇంకోటి తీసెయ్, ఒక్కటీ వదలకు అని ముప్పై ఏళ్లుగా పిల్లలతో అంటూనే ఉన్నాను. ల్యాబు గోడ దాటి బయటికొస్తే ఆ మాటకి ఇంకో అర్థం ఉంది. తీసి పెట్టు అనాల్సింది. రెండక్షరాల తేడా. పాప నేను చెప్పినట్టే చేసింది, పాపం. అన్నీ తీసేసింది.

ఇంట్లో ఏమీ అనలేదు. అంటే పాప ఏమైపోతుందోనని.

ఆ యాప్ చేసినవాళ్లకి ఉత్తరం రాశాను. రెండు రోజుల్లో మర్యాదగానే జవాబిచ్చారు. మాటలు ఫోనులోనే ఉంటాయి, మా దగ్గర ఉంచుకోము, మీ నష్టానికి విచారిస్తున్నాం అని. ఒక అట్టముక్క మీద బొమ్మలు గీసి అత్తగారికిచ్చాను. నీళ్లు, మందు, దుప్పటి, కిటికీ, చివర్న ఒక ప్రశ్నగుర్తు. ఆవిడ వేలు పెడితే మేం చూసి తెలుసుకోవాలి. మేం అటు తిరిగి ఉంటే ఆవిడ మాట మాకు అందదు. ఇల్లంతా ఒకరి ముఖాలొకరం చూస్తూ తిరిగేవాళ్లం. చీకటి పడే వేళకి నేను హాల్లోనే ఉండేవాణ్ణి. కాసేపు చూసి నేనే లేచి లైటు వేసుకునేవాణ్ణి. ఆ వేళకి అత్తగారి గదిలోనూ చీకటిగానే ఉండేది. వెళ్లి అక్కడా వేసేవాణ్ణి. ఆవిడ నా ముఖం చూసేవారు కారు.

ఒక విషయం మాత్రం బాగుపడింది. పాప హెడ్‌ఫోన్లు మానేసింది. భోజనం దగ్గర అందరితో పాటు కూర్చుని, నిదానంగా తిని, అమ్మమ్మ తినడం అయ్యేదాకా ఉండేది. మేం కష్టంలో ఉన్నామని దాని మనసు కరిగిందనుకున్నాను. ఇంత దుఃఖంలోనూ ఇదొకటి దక్కింది కదా అని సంబరపడ్డాను కూడా.

మే ఆఖరులో ఒకరోజు అడిగాను. "పాపా, ఆ గళ్లు ఖాళీగా ఉన్నాయి. నీ గొంతు పెట్టకూడదూ?"

"పెట్టను."

"అమ్మమ్మకి కష్టంగా ఉంది కదా."

"నువ్వు పెట్టు."

"నాది మగగొంతు. అమ్మమ్మ బజారులో మందులడిగితే జనం దడుచుకుంటారు."

నవ్విద్దామనుకున్నాను. నవ్వలేదు. "నన్నడగొద్దు నాన్నా. ఏదైనా అడుగు గానీ అది అడగొద్దు," అని బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పుకుంది. చాలాసేపు తిప్పే ఉంచింది.

జూన్ పదమూడు కూడా ఆదివారమే. మర్నాడు నా కాలేజీ, దాని కాలేజీ రెండూ తెరుస్తారు. పెందరాళే రాత్రి భోజనానికి కూర్చున్నాం. అత్తగారు తినడం లేదు. అట్టముక్క ముందుకి లాక్కుని ప్రశ్నగుర్తు మీద వేలు పెట్టారు. తర్వాత ఆ వేలు ఫోను మీద పెట్టారు. నా వైపు చూశారు. అంతకుముందు కూడా రెండు మూడుసార్లు ఇలాగే అడిగారు. నేను మంచినీళ్లిచ్చి తప్పించుకున్నాను. ఆ పూట తప్పించుకోబుద్ధి కాలేదు.

"అత్తయ్యగారూ, తప్పు నాది," అన్నాను. "సింక్‌ది కాదు, ఫోనుది కాదు. ఆ రోజు నేను కాలేజీ నుంచి ఫోను చేసి, అమ్మ మాటలన్నీ తీసెయ్యమన్నాను. తీసి పెట్టమని నా ఉద్దేశం. మా ల్యాబు భాష అది. చిన్నపిల్ల, చెప్పింది చెప్పినట్టు చేసింది. నకలు కూడా ఉండాల్సింది. అదీ నేనే ఆపేశాను. మీ మాట పోగొట్టింది నేను. దాన్నేమీ అనుకోకండి."

పాప చెంచా కింద పెట్టింది.

"నాన్నా, ఆపు."

"నువ్వూరుకో పాపా. నేనన్న మాట..."

"నువ్వన్నది నాకర్థమైంది."

"అదే చెబుతున్నాను. అలా అర్థమయ్యేలా అనడమే నా..."

"అది కాదు నాన్నా. సరిగ్గానే అర్థమైంది. ఫోన్లో నువ్వు చెబుతున్నప్పుడే." అది నా వైపు చూడటం లేదు. ప్లేటు అంచు చూస్తోంది. "చిన్నప్పట్నుంచీ వింటున్నా నీ తీసెయ్‌లు. జ్వరం తీసెయ్, ఎత్తు తీసెయ్. బయట పెట్టమన్నావని నాకు తెలుసు."

నేనూ అత్తగారూ దాని వైపే చూస్తున్నాం.

"మొదలుపెట్టాను. ముందు అన్నీ విని పేర్లు రాసుకుందాం, తర్వాత పంపుదాం అనుకున్నా. అమ్మమ్మ నిద్రపోతోంది. నీళ్లు, మందు, చలి, దొంగ. పదమూడోది నా గడి. నొక్కాను. 'పాపా, ఇటు రా తల్లీ' అంది అమ్మ. వస్తున్నా అన్నాను. అనడమే కాదు, లేచి నిలబడ్డాను కూడా." కింద పెట్టిన చెంచాని ప్లేటు అంచుకి ఆనించింది. "నిలబడ్డాక ఎటు వెళ్లాలో తెలియలేదు."

వంటింట్లో ఫ్రిజ్జు గుర్రుమని ఆగింది.

"పొద్దున అమ్మ ఉప్పు తక్కువైందంటుంది. నువ్వు లేచి ఉప్పు తెస్తావు. మధ్యాహ్నం అంటుంది, మళ్లీ తెస్తావు. నీకు బాగుంటుంది, అమ్మమ్మకి బాగుంటుంది. నాకు మాత్రం పూటకోసారి అప్పుడే పోయినట్టు ఉండేది. అదింకా యాభై సార్లు వినాలి ఆ రోజు. నువ్వు తీసెయ్ అన్నావు. ఆ మాటకి రెండో అర్థం కూడా ఉంది కదా అని దాన్ని పట్టుకున్నా. టిక్కు తీశాను. సింక్ నొక్కాక ఆపడానికి టైము కూడా ఉంది. చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు అమ్మమ్మ అలా అట్ట మీద వేలు పెడుతుంటే..." అని ఆపేసింది.

అయిదు నెలలు ఆ పిల్ల నా ఎదురుగా కూర్చుని, చెవులు మూసుకుని, నాలుగు ముద్దలు మింగి లేచిపోయింది. ఎవరు నాకు ఏ చిన్న మేలు చేసినా గుర్తుపెట్టుకునేవాణ్ణి, నా బల్ల దగ్గర ఆకలితో లేచిపోతున్న బిడ్డని చూడలేదు. ఏదో ఒకటి అనాలి. తప్పు లేదనాలి, లేదా తప్పేననాలి.

"రొట్టె చల్లారిపోతోంది," అన్నాను. "తిను."

పాప తలొంచుకుని ఒక ముక్క తుంచింది. నోట్లో పెట్టుకోలేదు.

మా అత్తగారు అట్టముక్క వంక చూశారు. నీళ్లు, మందు, దుప్పటి, కిటికీ, ప్రశ్నగుర్తు. వేలు వాటి మీద మెల్లగా తిరిగి తిరిగి ఎక్కడా ఆగలేదు. అప్పుడావిడ అట్టని పక్కకి నెట్టేసి, బల్ల అంచు పట్టుకుని లేచారు. నేను సాయం పడదామని లేవబోయాను. ఎడమచెయ్యెత్తి వద్దన్నారు. కర్ర అందుకోలేదు. కుర్చీల వీపులు పట్టుకుంటూ, కుడికాలు ఈడ్చుకుంటూ, బల్ల చుట్టూ తిరిగి పాప దగ్గరకొచ్చి దాని మణికట్టు పట్టుకున్నారు. పాప భయంగా తలెత్తింది. ఆవిడ ముఖంలో కోపం ఉందో, ఏముందో, నాకు కూర్చున్న చోటినుంచి కనిపించలేదు. మణికట్టు వదలకుండా రమ్మన్నట్టు లాగారు.

పాప లేచింది. ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో తెలియకుండా ఇద్దరూ ఒకరి బరువు ఒకరు ఆనుకుంటూ అత్తగారి గది దాకా వెళ్లారు. గుమ్మం దగ్గర ఆవిడ పక్కకి తప్పుకుని మనవరాల్ని ముందు లోపలికి పంపారు. మంచం కిర్రుమంది. తర్వాత ఇన్నాళ్లుగా పాప ఎక్కడ దాచుకుందో తెలియని ఏడుపు, మొదట దిండులోకి, ఆ తర్వాత దిండు లేకుండా.

మా అత్తగారు గడప మీద నిలబడి నా వైపు ఒకసారి చూశారు. తర్వాత గొళ్లెం ఊగకుండా ఎడమచేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నారు.